భారతకథను తెరకెక్కించాలనుకునేవారికి: ఏ దారి ఎవరికి తగుతుంది?

వింటే భారతం వినాలన్నారు పెద్దలు, చూడాలనలేదు. వ్యాసుడి పేర మనకు అందిన సంస్కృత మహాభారతం మొదటి నుంచీ ఒకరు చెబుతుండగా మరొకరు వినే కథగానే నడుస్తుంది. నైమిశారణ్యంలో శౌనకాది మునులకు ఉగ్రశ్రవసుడు చెబుతాడు. ఆయన చెప్పేది సర్పయాగ సమయంలో జనమేజయుడికి వైశంపాయనుడు వినిపించిన కథ. దాని లోపల యుద్ధం మళ్లీ ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్పినది. చెవి కోసం పుట్టిన ఇంత పెద్ద కథను కంటి ముందుకు తేవడమే ఈ పనిలో అసలు కష్టం. సైన్యాలు, రథాలు, గ్రాఫిక్స్ అన్నీ ఆ తర్వాతి సంగతులు.

విశాఖపట్నంలో షార్ట్ ఫిల్ములు తీసే యువకులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదువుకునేవారు, పరిషత్తు నాటకాలు ఆడే బృందాలవారు, ఎప్పుడైనా ఒక వెబ్ సిరీస్‌కు పెట్టుబడి పెట్టగలిగినవారు కొన్నేళ్లుగా నాతో ఈ విషయం చర్చిస్తున్నారు. అందరూ దాదాపు ఒకే చోట ఆగిపోతారు. మొత్తం కథ తీయాలా, ఒక ఉపాఖ్యానం (భారతం లోపలి చిన్న కథ) చాలా, ఒక పాత్ర వెంట నడవాలా, ఇప్పటి కాలానికి మార్చాలా, పద్యనాటకాన్నో తోలుబొమ్మలాటనో ఆసరా చేసుకోవాలా? ఈ దారులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏది ఎవరికి తగుతుందో నాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతున్నాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటె ముందు తేల్చవలసింది బడ్జెట్ కాదు. ఈ కథను ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెబుతున్నారన్నది తేలాలి. 1988 నుంచి 1990 వరకు దూరదర్శన్‌లో 94 భాగాలుగా వచ్చిన హిందీ ధారావాహికలో కాలమే కథకుడు. బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ 1989లో తీసిన చిత్రంలో వ్యాసుడు ఒక బాలుడికి కథ చెబుతాడు. కథకుడు ఎవరో నిర్ణయమైతే, ఏది చూపాలో ఏది వదలాలో అతడే నిర్ణయిస్తాడు. గాంధారి చెబుతున్నదంటే మనకు యుద్ధం కనబడనక్కరలేదు, యుద్ధం మిగిల్చినది కనబడితే చాలు. కథకుడు లేకుండా కథను కుదించినప్పుడు మాత్రం ప్రతి కోతా ప్రేక్షకుడికి లోపంలాగే తోస్తుంది, "ఆ ఘట్టం ఏమైంది?" అని అడుగుతూనే ఉంటాడు.

రెండవది, ఏ పాఠాన్ని ఆధారం చేసుకుంటున్నారన్నది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన సంశోధిత ప్రతి కోసం 1,259 రాతప్రతులను పోల్చి చూశారు. మనకు బాగా పరిచయమైన ఎన్నో సంగతులు ఆ ప్రతి మూలపాఠంలో కనబడవు. వ్యాసుడు చెబుతుండగా వినాయకుడు రాసిన ఘట్టం అనుబంధంలోకి వెళ్లింది. వస్త్రాపహరణ సమయంలో ద్రౌపది కృష్ణుణ్ణి ప్రార్థించే భాగమూ అంతే. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడినప్పుడు "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అని ద్రౌపది అన్నట్టు తెరమీద పదేపదే చూశాము. సంస్కృత మూలంలో ఆమె నోట ఆ మాట లేదు. అక్కడ నవ్వినవారు భీమార్జునులూ కవలలూ పరిజనమూ. ద్రౌపది కూడా నవ్వినట్టు తర్వాత తండ్రి దగ్గర వాపోయేది దుర్యోధనుడే. ఈ తేడా చిన్నది కాదు. ఆ ఒక్క మాటను చేర్చిన క్షణంలోనే, సభలో జరిగిన ఘోరానికి సగం బాధ్యత ఆమె మీద పడిపోతుంది.

తెలుగువారికి దీనితోపాటు కవిత్రయం ఉంది. నన్నయ ఆది, సభాపర్వాలనూ అరణ్యపర్వంలో కొంతనూ రాశాడు. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తిక్కనవి. అరణ్యపర్వ శేషం ఎఱ్ఱనది. వారు చేసినది మక్కికి మక్కి అనువాదం కాదు, కాబట్టి తిక్కనను ఆధారం చేసుకుంటే ఆయన మలిచిన ద్రౌపదినే తెరకు తెస్తున్నట్టు. ఆ పైన పద్యనాటకాలు, హరికథలు, సినిమాలు కలిపిన పొరలున్నాయి. 1957 నాటి "మాయాబజార్"కు ఆధారమైన శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు, అయినా తెలుగువాడి భారతంలో ఆమెకు శాశ్వతమైన చోటుంది. ఈ పొరలను కలపవద్దని నేను అనను. ఏది ఎవరిదో తెలిసి కలపడం వేరు, తెలియక కలపడం వేరు.

మూడవది భాష. దీనిని చాలామంది చివరికి వదిలేస్తారు, తీరా డబ్బింగ్ దగ్గర తెల్లబోతారు. "జెండాపై కపిరాజు" పద్యంతో, 1977 నాటి "దానవీరశూర కర్ణ"లో దుర్యోధనుడి సంభాషణలతో తయారైన చెవులు మనవి. ఆ గ్రాంథిక ధోరణిని ఎంచుకుంటే ఒత్తులూ శషసలూ తడబడని గొంతులు కావాలి, లేకపోతే మొదటి నిమిషంలోనే పాత్ర కూలిపోతుంది. సరళమైన శిష్టవ్యావహారికం నేటి నటులకు తేలికగా పట్టుబడుతుంది, దానిలో గాంభీర్యం వాక్యాల పొందికతో రావాలి తప్ప సమాసాలతో కాదు. మన ఉత్తరాంధ్ర మాటతీరును వాడదలిస్తే అందరి చేతా వాడించాలి. రాజులు గ్రాంథికంలోనూ బోయలు, దాసీలు మాత్రమే శ్రీకాకుళం యాసలోనూ మాట్లాడితే అది ఈ ప్రాంతపు మాటను కించపరచడమే అవుతుంది. ఆ పని విశాఖవాళ్లమైన మనం చేయకూడదు.

నాలుగవది ఖర్చు. ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. కురుక్షేత్రంలో పోరాడినవి పద్దెనిమిది అక్షౌహిణులు. దీనిని చూపడానికి ఎవరి దగ్గరా చాలినంత డబ్బు లేదు. కనుక ప్రశ్న ఎంత చూపగలమన్నది కాదు, చూపకుండా ఎంత అనిపించగలమన్నది.

హక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను. సంస్కృత మూలమూ కవిత్రయ భారతమూ అందరివీ. ఆధునిక అనువాదాలకు, వచనాలకు, నవలలకు రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు కాబట్టి వారి పాండవోద్యోగ విజయాల పద్యాలు 2011 నుంచి స్వేచ్ఛగా వాడుకోదగినవి. కాని ఎవరో పాడిన రికార్డింగు వాడితే దాని హక్కులు వేరు. థియేటర్‌లో ప్రదర్శించాలంటే సెన్సార్ ధ్రువపత్రం, గుర్రాన్నో ఏనుగునో చూపాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి తప్పవు.

## మొత్తం కథ

పద్దెనిమిది పర్వాలను మూడు గంటల సినిమాలో పెడితే పర్వానికి పది నిమిషాలు వస్తాయి. బ్రూక్ రంగస్థలం మీద దాదాపు తొమ్మిది గంటలు తీసుకున్నాడు. దూరదర్శన్ 94 భాగాలు తీసుకుంది. ఈ రెండూ కాకుండా మధ్యలో నిలిచే ప్రయత్నాలు ఎక్కువగా సంఘటనల పట్టికగా మిగిలిపోతాయి. పుట్టుకలు, శాపాలు, స్వయంవరం, జూదం, అరణ్యం, యుద్ధం అన్నీ వరుసగా వచ్చి వెళ్తాయి. ఎవరి దుఃఖం దగ్గరా మనం నిలబడము.

అయితే ఈ దారికి ఉన్న ఒక లాభం మరే దారికీ లేదు. కారణం ఎక్కడో, ఫలితం ఎన్నో ఏళ్ల తర్వాత ఇంకెక్కడో కనబడడం భారతంలోని అసలు శిల్పం. అంబకు జరిగిన అవమానం భీష్ముడి శరతల్పం దాకా నడుస్తుంది. స్త్రీపర్వంలో గాంధారి ఇచ్చిన శాపం ముప్పై ఆరేళ్లకు మౌసలపర్వంలో పండుతుంది. ఇంత దూరం మోయగలిగేది దీర్ఘమైన సిరీస్ మాత్రమే. పెట్టుబడి, ఓపిక, నాలుగైదేళ్ల సమయం ఉన్న సంస్థకు తప్ప దీనిని నేను సిఫారసు చేయను. ఒకవేళ చేపడితే మొదట పద్దెనిమిది పర్వాలనూ చదివిన ఒక పండితుణ్ణి, కథనం తెలిసిన ఒక రచయితను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఒకరి పని ముగిశాక ఇంకొకరికి పంపితే అతుకులు కనబడతాయి.

## ఒక ఉపాఖ్యానం

నలదమయంతులు, సావిత్రి, శకుంతల, రురుడు: వీటిలో ప్రతిదానికీ సొంత ఆదిమధ్యాంతాలున్నాయి, పాత్రలు తక్కువ, ప్రేక్షకుడికి ముందు కథ తెలియనక్కరలేదు. పైగా ప్రతి ఉపాఖ్యానాన్నీ ఎవరో ఎవరికో ఒక అవసరం కొద్దీ చెబుతారు. జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో కూర్చున్న ధర్మరాజు, తనకంటె దురదృష్టవంతుడెవడైనా ఉన్నాడా అని అడిగితే బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్పాడు. ఆ చట్రాన్ని తీసేసి నలుణ్ణి ఒంటరిగా తీస్తే అదొక ప్రేమకథ. చట్రంతో తీస్తే, ఓడిపోయిన ఒక మనిషికి ధైర్యం చెప్పడానికి ఇంకొకరు ఎంచుకున్న కథ. నాకు రెండవదే ఎక్కువ ఇష్టం. దానికి అదనంగా కావలసింది ఇద్దరు నటులూ ఒక నెగడూ.

శకుంతల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉంగరం కాళిదాసుది. ఆదిపర్వంలోని శకుంతలకు ఉంగరం లేదు, దుర్వాసుడి శాపమూ లేదు; కొడుకును వెంటబెట్టుకుని నిండు సభలో నిలబడి, అన్నీ తెలిసే కాదంటున్న రాజుతో తన వాదం తానే వినిపిస్తుంది. నూరు బావుల కంటె, నూరు యజ్ఞాల కంటె, నూరుగురు కొడుకుల కంటె ఒక సత్యవాక్యం మేలని నన్నయ ఆమె చేత పలికించిన పద్యం చాలామందికి బడిలోనే పరిచయం. ఒక సభ, ఒక స్త్రీ, ఒక పిల్లవాడు, అబద్ధమాడుతున్న రాజు. ముప్పై నిమిషాల చిత్రానికి ఇంతకంటె బలమైన కథావస్తువు నాకు తట్టడం లేదు, కాని మనవాళ్లు ఇప్పటికీ లేళ్లనూ ఉంగరాన్నీ చేపనూ వెతుక్కుంటూ పోతున్నారు.

## ఒక పాత్ర కంటితో, ఒక ఘట్టం

కర్ణుడు, ద్రౌపది, అశ్వత్థామ, గాంధారి, శిఖండి: యువ దర్శకులు ఎక్కువగా ఎంచుకునేది ఈ దారినే. భావతీవ్రత ఉంటుంది, నటుడికి అవకాశం ఉంటుంది. ప్రమాదం ఏమిటంటే, ఎంచుకున్న పాత్ర మీది ప్రేమతో మిగిలినవారిని చిన్నబుచ్చడం. కర్ణుడిని ఎత్తడానికి అర్జునుణ్ణి దించనక్కరలేదు. సభలో ద్రౌపదిని గురించి కర్ణుడు అన్న మాటలను దాచిపెట్టి అతడి దానగుణాన్ని మాత్రమే చూపితే, మనం చూపుతున్నది కర్ణుణ్ణి కాదు.

ఈ దారిలో నా స్వంత పొరపాటు ఒకటి చెప్పాలి. కుంతి కర్ణుడి దగ్గరకు వెళ్లి తన రహస్యం చెప్పే ఘట్టాన్ని కొందరు మిత్రులతో కలిసి తీశాము. భీమిలి ఒడ్డున, తెల్లవారుజామున, ఎర్రటి వెలుగులో చిత్రీకరించాము. అందంగా వచ్చిందని అందరూ సంతోషించాము. తర్వాత మూలం తీసి చదివితే సిగ్గనిపించింది. ఉద్యోగపర్వంలో కర్ణుడు గంగ ఒడ్డున తూర్పుకు తిరిగి చేతులెత్తి జపం చేస్తుంటాడు. వీపు ఎండకు కాలేదాకా ఆ జపం ఆపడు. కుంతి అతడి వెనుక, ఆ ఎండకు తాళలేక, అతడి ఉత్తరీయపు నీడలో నిలబడి వాడిన తామరల దండలా ఎదురుచూస్తుంది. పుట్టగానే నీటిలో వదిలేసిన బిడ్డ కండువా నీడే ఆ తల్లికి దొరికిన ఆశ్రయం. అతడికి ఆమె వచ్చిందని కూడా తెలియదు. ఇంతటి దృశ్యం మూలంలోనే సిద్ధంగా ఉండగా, మేము సూర్యోదయం అందంగా ఉంటుందని దాన్ని కాదనుకున్నాము.

రెండవసారి గోస్తనీ నది ఒడ్డున, మిట్టమధ్యాహ్నం తీశాము. కుంతి పాత్రధారిణి నిజంగానే ఎండకు అలసింది; ఆ అలసట మేము రాసిన ఏ సంభాషణకూ రాని సంగతి చెప్పింది. మొత్తం ఖర్చు రెండు బట్టలు, ఒక కారు, మధ్యాహ్న భోజనాలు. అప్పటి నుంచి ఎవరు స్క్రిప్టు తెచ్చినా మూలంలో ఆ సన్నివేశం ఏ పూట, ఏ చోట, ఎవరు ఎటు తిరిగి ఉండగా జరిగిందో చదివారా అని ముందు అడుగుతున్నాను. వ్యాసుడు దృశ్యాన్ని చూసి చెప్పిన కవి. మనం ఊహించబోయే ముందు ఆయన చూసినది చూడాలి.

## ఇప్పటి కాలానికి మార్చడం

1981 నాటి హిందీ చిత్రం "కలియుగ్"లో శ్యామ్ బెనెగల్ రెండు పారిశ్రామిక కుటుంబాల మధ్య భారతాన్ని నడిపారు. 1991లో మణిరత్నం తీసిన "దళపతి" కర్ణ దుర్యోధనుల స్నేహాన్ని ఈనాటి నగరంలోకి తెచ్చింది. కిరీటాలు, రథాలు అక్కరలేదు కాబట్టి ఇది చవక దారి అనుకుంటారు. రాసేవాడికి మాత్రం ఇదే అన్నిటిలోకీ ఖరీదైనది. ప్రతిజ్ఞకు, శాపానికి, అజ్ఞాతవాసానికి నేటి జీవితంలో సమానమైనది వెతకాలి. ఫోన్, ఆధార్ ఉన్న రోజుల్లో ఆరుగురు మనుషులు ఏడాదిపాటు ఎలా దాగుతారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితేనే కథ మొదలవుతుంది.

విశాఖ నేపథ్యంలో ఈ దారికి విరాటపర్వం బాగా ఒదుగుతుందని నా నమ్మకం. ఎక్కడెక్కడి నుంచో పొట్టకూటికి వచ్చి, అసలు పేరు, అసలు చదువు చెప్పుకోకుండా పనిచేసేవారు పోర్టులు, కర్మాగారాలు ఉన్న ఈ ఊరికి కొత్త కాదు. కంకుభట్టు, వంటవాడైన వలలుడు, నాట్యం నేర్పే బృహన్నల, గుర్రాలు చూసే దామగ్రంథి, ఆవులు కాసే తంత్రీపాలుడు, సైరంధ్రి: ఆరుగురూ ఒకే యజమాని దగ్గర కూలికి ఉన్నవారే. యజమాని బావమరిది పనిమనిషి వెంటపడతాడు. ఆమె నిండు సభలో మొరపెట్టుకుంటే యజమాని మౌనం వహిస్తాడు. ఆమె భర్తలు అక్కడే ఉండీ నోరు విప్పలేరు. దీన్ని ఇప్పటి కథగా మార్చడానికి మనం చేయవలసింది చాలా తక్కువ. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో ఉండేది. ఆ ఆచారాన్నే ముగింపులోకి తేవచ్చునని ఒక రచయితకు సూచించాను, ఆయన ఇంకా రాస్తున్నాడు.

## ప్రదర్శన రూపాలను ఆసరా చేసుకోవడం

పద్యనాటకం ఉత్తరాంధ్రలో ఇంకా బతికే ఉంది. రాయబారం సీనుకు హార్మోనియం పక్కన కూర్చుని రాత్రంతా వినేవారు ఉన్నారు. దానిని యథాతథంగా చిత్రీకరిస్తే అది దస్తావేజు మాత్రమే, సినిమా కాదు. పద్యం ఒక్కటే రాగాలాపనతో కొన్ని నిమిషాలు సాగుతుంది; అంతసేపు కెమెరా ఏం చేయాలో ముందే ఆలోచించాలి. పాడేవాడి మీదే నిలపవచ్చు, వినేవాడి మీద నిలిపితే ఇంకా మంచిది. కృష్ణుడి పద్యం సాగుతుండగా ధృతరాష్ట్రుడి ముఖం చూపితే, అది రంగస్థలం మీద వెనుక వరుసవాడు ఎన్నడూ చూడని దృశ్యం అవుతుంది.

తోలుబొమ్మలాట పుట్టుకతోనే తెరమీది కళ. పలుచని తోలు, రంగులు, వెనుక దీపం. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో ఈ కళను నమ్ముకున్న కుటుంబాలున్నాయి. సేనలను, రాక్షసులను, ఏనుగులను చూపవలసిన ఘట్టాలకు కంప్యూటర్ యానిమేషన్ కంటె ఇది నాకు నచ్చుతుంది, ఎందుకంటే అరకొర యానిమేషన్ పేదగా కనబడుతుంది కాని బొమ్మలాట ఎన్నడూ అలా కనబడదు. ఆ కళాకారుల పేర్లు టైటిల్స్‌లో రావాలి, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, బొమ్మలకు కూడా అద్దె ఇవ్వాలి.

హరికథ మనకు మరీ దగ్గరిది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు విజయనగరం వారు. ఒక్క మనిషి చిడతలతో నిలబడి కృష్ణుడూ తానే, కుంతీ తానే అవుతాడు. మధ్యలో ఆగి వినేవారితో మాట్లాడతాడు. ఎవరు ఎవరికి చెబుతున్నారన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇంకే రూపంలోనూ లేదు. ఒక హరిదాసు కథ చెబుతుండగా మధ్యమధ్య నటులతో ఘట్టాలు వచ్చే గంట నిడివి చిత్రాన్ని చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

## ఒక చూపులో

| దారి | తగిన నిడివి | ఎంతమంది నటులు | లాభం | కష్టం |
|---|---|---|---|---|
| మొత్తం కథ | దీర్ఘమైన సిరీస్ | వందల్లో | కారణం, ఫలితం రెండూ కనబడతాయి | సమయం, డబ్బు, నిలకడ |
| ఉపాఖ్యానం | అరగంట నుంచి రెండు గంటలు | అయిదారుగురు | సొంత ఆదిమధ్యాంతాలు | చట్రాన్ని వదిలేస్తే బలం తగ్గుతుంది |
| ఒక పాత్ర, ఒక ఘట్టం | పావుగంట నుంచి గంట | ఇద్దరు ముగ్గురు | నటనకు చోటు | పక్షపాతం |
| నేటి కాలం | రెండు గంటలు లేదా చిన్న సిరీస్ | పదిమంది | కొత్త ప్రేక్షకులు | రచన కష్టం |
| ప్రదర్శన రూపాల ఆసరా | గంట | కథకుడు, కొందరు నటులు | తెలుగుదనం, తక్కువ ఖర్చు | సినిమాగా మలచడం |

## ఎవరికి ఏది

విద్యార్థులకు, మొదటి చిత్రం తీసేవారికి నా సలహా ఒక ఘట్టమే: ఇద్దరు మనుషులు, ఒక పూట, ఒక చోటు. కుంతీకర్ణులు వద్దనుకుంటే, యుద్ధానికి ముందు ధర్మరాజు కవచం విడిచి కాలినడకన భీష్ముడి దగ్గరకు వెళ్లి అనుమతి అడిగే సన్నివేశం ఉంది. శరతల్పం మీదున్న భీష్ముడి దగ్గరకు రాత్రివేళ ఒంటరిగా వచ్చిన కర్ణుడి సన్నివేశం ఉంది. నాటక బృందాలవారికి శకుంతల సభ. పద్యం వచ్చినవారి మధ్య ఉండి పద్యాన్ని వదులుకోవద్దు.

బడిపిల్లల కోసం తీసేవారు బొమ్మలాటతో సావిత్రినో బకాసురుణ్ణో ఎంచుకోవచ్చు. భీముడు బకుణ్ణి చంపిన చోటు ఇదేనని భీమునిపట్నంలో చెప్పుకుంటారు. మన పిల్లలకు ఆ కథను వారి ఊరి కథగా చెప్పడంలో తప్పు లేదు, అది స్థలపురాణమని ఒక మాటలో తెలిపితే చాలు. పెట్టుబడి ఉండి పెద్ద ప్రేక్షక సమూహాన్ని ఆశించేవారు విరాటపర్వాన్ని ఆరేడు భాగాల నేటి కథగా తీయవచ్చు. పెద్దల నమ్మకాలు నొచ్చుకుంటాయేమోనన్న సంకోచం ఉంటే, మార్పు చేసిన ప్రతిచోటా ఆధారం ఏమిటో రాసి పెట్టుకోండి. ఆధారమున్న మార్పును భక్తులు కూడా ఆలోచించి చూస్తారు. గొడవలు ఎక్కువగా వచ్చేది వేషభాషల నిర్లక్ష్యం వల్లనే.

లొకేషన్ గురించి ఒక హెచ్చరిక. ఎర్రమట్టి దిబ్బలను చూడగానే కురుక్షేత్రం గుర్తుకు వస్తుంది. అది రక్షిత భూవారసత్వ ప్రదేశం, అనుమతి లేకుండా షూటింగ్‌కు దిగకూడదు, మట్టిని తవ్వకూడదు. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు; స్తూపం ముందు పాండవులను నిలబెడితే రెండు చరిత్రలకూ అన్యాయం. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి డ్రోన్ ఎగరేసే ముందు ఎక్కడ నిషేధమో తెలుసుకోవాలి. కురుక్షేత్రం సముద్రం లేని మైదానం, కనుక యుద్ధ సన్నివేశంలో దూరంగానైనా నీలిగీత కనబడకూడదు.

మరి మన సముద్రం దేనికి పనికివస్తుంది? మౌసలపర్వానికి. పదిలోపు అధ్యాయాలున్న చిన్న పర్వం అది, తెరమీదకు తక్కువగా వచ్చింది. మునులను ఆటపట్టించబోయి యాదవ కుర్రవాళ్లు శాపం తెచ్చుకుంటారు. ఆ శాపంతో పుట్టిన ముసలాన్ని, అంటే ఇనుప రోకలిని, పొడి చేసి సముద్రంలో కలిపేస్తారు. ప్రభాస తీర్థంలో తాగిన మత్తులో సాత్యకి, కృతవర్మ పాత యుద్ధపు తప్పులను ఎత్తిపొడుచుకుంటారు. ఒడ్డున పెరిగిన ఏరక గడ్డి పీకితే ఇనుప రోకలి అవుతుంది. ఒక వంశమంతా ఒక ఒడ్డు మీద తనను తాను చంపుకుంటుంది. తర్వాత ద్వారకను సముద్రం ముంచుతుంది, అర్జునుడి చేతిలో గాండీవం పనిచేయదు. చెప్పేవాడిగా అర్జునుణ్ణి, వినేవాడిగా వ్యాసుణ్ణి పెట్టుకోవచ్చు, ఎందుకంటే పర్వం చివర అర్జునుడు వెళ్లి తన ఓటమి చెప్పుకునేది ఆయన దగ్గరే. సైన్యాలు అక్కరలేదు, యుద్ధరథాలు అక్కరలేదు. ఇరవైమంది మంచి నటులు, ఒడ్డు, అలలు చాలు.

ఒక చిక్కు ఉంది. ద్వారక, ప్రభాసం పడమటి తీరానివి, అక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. మనకు సముద్రంలోంచి లేస్తాడు. కాబట్టి యాదవుల చివరి సాయంత్రాన్ని విశాఖలో తెల్లవారుజామున తీయాలి. పనికివచ్చే వెలుగు రోజుకు అరగంటకు మించి ఉండదు, ముందురోజు రాత్రే వేషాలు, దీపాలు సిద్ధం కావాలి, ఒక సన్నివేశానికి ఏడెనిమిది ఉదయాలు పడుతుంది. అలల హోరులో మాటలు రికార్డు కావు, కనుక డబ్బింగ్‌కు డబ్బు విడిగా ఉంచుకోవాలి. జనవరిలో సముద్రం శాంతంగా ఉంటుంది, తాగుడు సన్నివేశానికి అది చాలు. నగరం మునిగే దృశ్యానికి మాత్రం జూలై కెరటాలు కావాలి, వాటిని ఒడ్డుకు దూరంగా, ఎత్తైన చోటు నుంచి, నటులెవరినీ నీటి దగ్గరకు పంపకుండా తీయాలి.